చెరువుకు నీళ్లొచ్చిన ఏడాది

ముఖర్జీ నగర్, ఢిల్లీ
జులై 14

అత్తా,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. బాపట్లలో నాన్న, అమ్మ క్షేమం. చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటంటావా, చెబుతాను.

సివిల్స్ ప్రిలిమ్స్ ఈసారి కూడా పోయిందని నీకు తెలుసు. వచ్చే ఏడాదికి ఆప్షనల్ మార్చి తెలుగు సాహిత్యం తీసుకున్నాను. చదవడం హాయిగానే ఉంది గాని రాయబోతే చేయి కదలడం లేదు. పదో తరగతి తర్వాత తెలుగులో కలం పెట్టిందే లేదు కదా. మొన్న కోచింగులో పరీక్ష పెడితే సగం పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చాను. మా మాస్టారు జనార్దనరావు గారు చూసి, ఎవరికైనా ఉత్తరాలు రాయమ్మా, సొంత మాటలు రాస్తుంటే చేయి దానంతటదే అలవాటు పడుతుంది అన్నారు. రాయడానికి నువ్వే గుర్తొచ్చావు. జవాబు కూడా కాగితం మీదే రావాలి. ఫోనులో చెప్పేస్తే కుదరదు.

ఇక్కడ ఉక్కపోత. గదికి ఉన్న ఒక్క కిటికీ పక్క బిల్డింగు గోడలోకి తెరుచుకుంటుంది. నాతో ఉండే శ్రుతి చదువు మానేసి కర్నూలు వెళ్లిపోతానని రోజూ అంటోంది, రోజూ లైబ్రరీకి వెళుతోంది. నాకు మాత్రం కూర్చున్న చోట కూర్చోబుద్ధి కావడం లేదు. పుస్తకం తెరుస్తాను, మూస్తాను, టీకి దిగుతాను, మళ్లీ ఎక్కుతాను.

మీ చెరువుకు నీళ్లు నింపారని పేపర్లో చూశాను. పోయినసారి నేను సూర్‌తాల్ వచ్చినప్పుడు అక్కడ మేకలు మేస్తున్నాయి. ఇప్పుడు పడవలు కూడా తిరుగుతున్నాయట, నిజమేనా? పర్యావరణం మీద వ్యాసానికి పనికొస్తుంది. అన్నీ వివరంగా రాయి.

నీ
షారన్


సూర్‌తాల్, ఫరీదాబాద్ జిల్లా
ఆగస్టు 3

బంగారు తల్లి షారన్‌కు,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం డ్యూటీ గదిలో అందరికీ చూపించాను. మలయాళీ నర్సులు ఆ లిపి ముట్టుకుని చూసి, సిస్టర్, మీకింకా ఉత్తరాలొస్తాయా అని నవ్వారు.

పడవలు నిజమే. ఇరవై ఏళ్లుగా ఎండిపోయిన చెరువు. నేను ఈ ఉద్యోగానికి వచ్చినప్పటి నుంచి మట్టీ, తుమ్మకంపా తప్ప ఏమీ చూడలేదు. నగరం మురుగును ఎక్కడో శుద్ధి చేసి, గొట్టాల్లో తెచ్చి నింపారు. పైన వానలు తోడయ్యాయి. ప్రారంభం రోజున మా సూపరింటెండెంటు డాక్టరు యేసుదానం గారినే ముఖ్య అతిథిగా పిలిచి రిబ్బను కత్తిరింపించారు. ఈ ఊరికి ఆసుపత్రి కట్టి, ఊళ్లో సగం మంది పిల్లలను చేత్తో పట్టిన మనిషి కదా. ఆ రోజు ఆయన చిన్నపిల్లవాడిలా పడవ ఎక్కారు. సాయంత్రాలు ఫరీదాబాద్ నుంచి కార్లలో వస్తున్నారు జనం. వార్డులో వెనక కిటికీలు తెరిచి పెడుతున్నాం. నీళ్ల మీది గాలి వస్తోంది.

నీ వ్యాసానికి ఇది చాలనుకుంటాను. కానీ నాకు ఇంకోటి కనిపిస్తోంది. వానాకాలంలో విరేచనాలు, కురుపులు ఎప్పుడూ ఉండేవే. ఈసారి చెరువులో దూకి ఈదే పిల్లలందరికీ కాళ్ల మీద, మెడ మీద కురుపులు. వచ్చినవాళ్లకు మామూలుగా ఇచ్చే మందే ఇస్తున్నాం, వారానికి మళ్లీ వస్తున్నారు. ఇంకో మందు మారుస్తున్నాం, దానికీ తగ్గడం లేదు. ముప్పై ఏళ్లుగా కురుపులు కడుగుతున్నాను షారన్, ఇంత మొండివి చూడలేదు.

చెరువు గట్టు మీది గుడిసెల్లో మన తెలుగమ్మాయి ఒకతె ఉంది. కావేరి. శ్రీకాకుళం వైపు. మొగుడు కోటయ్య ఫరీదాబాదులో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని. ఆ పిల్లకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది, నాలుగో నెల. నా దగ్గరే పురుడు పోసుకుంటానని ఒట్టు వేయించుకుంది. దాని పాదాలకు కూడా ఇవే కురుపులు. ఆ నీళ్లలో దిగకే అంటే, “ట్యాంకరు కాడ కొట్టుకు సచ్చీవోలం సిస్టరమ్మా. ఇప్పుడు గుమ్మంలోకే నీల్లొచ్చీసినాయి. దిగొద్దంటే ఎలాగ?” అంటుంది.

ఊళ్లో కాన్పుకైనా కురుపుకైనా ఉన్నది మా ఆసుపత్రి ఒక్కటే. అందుకే కాబోలు, ఎవరికి కురుపు లేచినా నాకే దురద పుట్టినట్టుంటుంది.

వేళకు తిను.

నీ మేనత్త
సరళకుమారి


ముఖర్జీ నగర్
ఆగస్టు 30

అత్తా,

మందులకు లొంగని కురుపులు అని రాశావు. ఆ మాట నన్ను వదలడం లేదు. చదువుతుంటే అడ్డం వస్తోంది.

మా కోచింగుకు ఆదివారాలు శశిధర్ అని వరంగల్ అబ్బాయి వస్తాడు. గ్రేటర్ నోయిడాలో నీటి కాలుష్యం మీద ఎంటెక్ చేస్తున్నాడు. నీ ఉత్తరంలో ఆ భాగం అతనికి చదివి వినిపించాను. నువ్వేమీ అనుకోవుగా? అతను టీ గ్లాసు కింద పెట్టేసి, చెరువులో నాలుగైదు చోట్ల నీళ్లు పట్టి తెస్తే తమ కాలేజీ ల్యాబులో చూడొచ్చన్నాడు. సీసాలు ఊరికే కడిగి పడితే సరిపోదట, దానికో పద్ధతి ఉందట. తనే వచ్చి పడతానన్నాడు. నువ్వు ఊఁ అంటే పంపిస్తాను.

అత్తా, నాలుగేళ్లుగా నేను ఈ గదిలో కూర్చుని ప్రభుత్వం ఏం చేయాలో జవాబులు రాస్తున్నాను. గంగానది శుద్ధికి ఐదు సూచనలు, గ్రామీణ ఆరోగ్యానికి ఏడు సూచనలు. ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకోలేదు. ఇది ముట్టుకోవాలని ఉంది. కాదనకు.

నీ
షారన్


సూర్‌తాల్
సెప్టెంబరు 22

షారన్ తల్లికి,

మీ శశిధర్ వచ్చి వెళ్లాడు. మంచి పిల్లవాడు. అన్నం పెడితే రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. ఇక్కడికి వచ్చాక అలా అడిగి తిన్నవాళ్లను చూసి ఎన్నాళ్లయిందో.

నీళ్లు పరీక్షకు పంపుతున్న సంగతి డాక్టరు గారికి చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్లాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి నీళ్లవైపు చూస్తున్నారు. ఆ ముఖం చూసి, ఫలితం వచ్చాక చెబుదాంలే అని వెనక్కి వచ్చేశాను. అప్పటి నుంచి ఆయన ఎదురైతే పక్కదారి పడుతున్నాను. నాకిది కొత్త.

పడవల దగ్గర, గుడిసెల దగ్గర, రంగుల కార్ఖానాల కాలవ కలిసే చోట, ఊరి పెద్ద మురుగు కాలవ దగ్గర, మా ఆసుపత్రి వెనక గోడ దగ్గర సీసాలు పట్టాం. రబ్బరు తొడుగులు లేకుండా శశిధర్ నన్ను వంగనివ్వలేదు. “గీ నీళ్లల్ల చెయ్యి వెట్టకుండ్రి ఆంటీ” అని ఒకటే గోల. కావేరి తన గుడిసె ముందు నిలబడి అంతా చూస్తోంది. నీళ్లు పట్టుకెళ్లి ఏం చేస్తారని అడిగింది. పరీక్ష చేస్తాం, మంచివో కావో తెలుస్తుందని శశిధర్ చెప్పాడు.

“మంచివి కాపోతే మరేటి నీల్లిత్తారు బాబూ?” అంది.

అతను సీసాల మూతలు బిగించుకున్నాడు. కావేరి నవ్వి లోపలికి పోయింది.

ఫలితం రాగానే ముందు నాకు రాయి. మనశ్శాంతి లేదు.

నీ మేనత్త
సరళకుమారి


ముఖర్జీ నగర్
అక్టోబరు 25

అత్తా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇక్కడ గాలి పాడయిపోయింది. ఉదయం లేస్తే గొంతులో బొగ్గు నమిలినట్టుంటుంది. శ్రుతి నిజంగానే వెళ్లిపోయింది. స్టేషనులో దింపి వచ్చాను. తన మంచం ఖాళీగా ఉంది, దాని మీద నా పుస్తకాలు పరిచాను.

ఫలితాలు కొన్ని వచ్చాయి. రంగుల కాలవ దగ్గర రసాయనాలు ఎక్కువ. ఊరి కాలవ దగ్గర మామూలు మురుగే, అంటే చెడ్డదే. ఒక సీసా మాత్రం మళ్లీ చూడాలంటున్నాడు శశిధర్. అది తేలాక అన్నీ కలిపి రాస్తాను.

అత్తా, మీ ఆసుపత్రి మురుగునీళ్లు ఎక్కడికి పోతాయి? ఒక జవాబులో ఆసుపత్రి వ్యర్థాల గురించి రాయాలి, అందుకని అడుగుతున్నాను.

టెస్టులో మార్కులు కాస్త పెరిగాయి. చేయి కదులుతోంది.

షారన్


సూర్‌తాల్
నవంబరు 2

షారన్ తల్లికి,

గాలి అంత పాడయితే నాలుగు రోజులు ఇక్కడికి వచ్చేయరాదూ. ఇక్కడ గొప్పగా ఉందని కాదు, వేడినీళ్లతో ఆవిరయినా పడతాను.

ఆసుపత్రి మురుగు సంగతి అడిగావు. లాండ్రీ, వార్డులు, ఆపరేషన్ గది, అన్ని నీళ్లూ వెనక పెరట్లో శుద్ధి ట్యాంకులోకి పోతాయి. అక్కడ మందు కలిసి, వడబోత అయ్యాక బయటికి వదులుతారు. దానికో పంపు ఉండేది. డ్యూటీ గదిలో కూర్చుంటే దాని మోత తలనొప్పి తెప్పించేది. నువ్వు అడిగాక గుర్తొచ్చింది, చాలాకాలంగా ఆ మోత వినలేదు. బాగుచేశారేమో, మంచిది వేశారేమో. అది నర్సుల పని కాదు గనక ఎప్పుడూ పట్టించుకోలేదు.

కావేరికి ఏడో నెల. బిడ్డ చక్కగా తిరుగుతోంది. మీ నాన్న నథానియేలు ఫోను చేశాడు, నువ్వు మాట్లాడటం లేదట. ఒకసారి చెయ్యి.

మూడో సీసానో నాలుగో సీసానో, దాని సంగతి తేలిందా?

నీ మేనత్త
సరళకుమారి


సూర్‌తాల్
నవంబరు 28

షారన్‌కు,

మొన్న మంగళవారం కాలుష్య నియంత్రణ విభాగం నుంచి నలుగురు వచ్చారు. పడవల దగ్గరికి వెళ్లలేదు. రంగుల కార్ఖానాల వైపు చూడలేదు. జీపు దిగి నేరుగా మా వెనక గోడ దగ్గరికి నడిచారు. ట్యాంకు మూత తీయించారు. పంపు కాలిపోయి ఏళ్లయింది. ట్యాంకు పక్క నుంచి ఒక గొట్టం వేసి, వార్డుల మురుగును ఉన్నది ఉన్నట్టు గోడ అవతలకు వదిలేస్తున్నారు. గోడ అవతల చెరువు.

వాళ్లలో పెద్దాయన ఫిర్యాదు కాగితం డాక్టరు గారికి చూపించాడు. పక్కన నేను నిలబడి ఉన్నాను. ‘పంపు మోత చాలాకాలంగా వినబడటం లేదని ఆసుపత్రి సిబ్బందే చెబుతున్నారు’ అని హిందీలో రాసి ఉంది. కింద నీ పేరు చూశాను.

డాక్టరు గారు పేరు చదివారో లేదో నాకు తెలియదు.

ట్యాంకు బాగయ్యే దాకా రోగులను చేర్చుకోకూడదని ఆదేశం ఇచ్చారు. వార్డులకు, ఆపరేషన్ గదికి, కాన్పుల గదికి తాళాలు వేసి సీళ్లు వేశారు. ఉన్న పద్దెనిమిది మందిని ఫరీదాబాద్ పంపించాం. వరండాలో మాత్రలు ఇవ్వడం ఒక్కటే మిగిలింది. కావేరికి ఎనిమిదో నెల వస్తోంది.

ఫిర్యాదు పెట్టడం తప్పని నేను అనను. ఒక్కటి అడుగుతాను. ఆ సీసా ఫలితం నీకు ఎప్పుడు తెలిసింది?

సరళకుమారి


ముఖర్జీ నగర్
డిసెంబరు 2

అత్తా,

మురుగునీళ్ల సంగతి నిన్ను అడిగి రాసిన రోజుకే నాకు తెలుసు.

వెనక గోడ సీసాలో దొరికిన సూక్ష్మజీవుల మీద శశిధర్ వాళ్లు మందులన్నీ వేసి చూశారు. చాలావాటికి చావడం లేదు. అలాంటివి పెద్ద వార్డుల్లో పుడతాయట, రోజూ బలమైన మందులు వాడే చోట. ఈ కురుపులు ఆసుపత్రి నీళ్ల నుంచే వచ్చి ఉండొచ్చన్నాడు. మళ్లీ చేశారు, మళ్లీ అదే. నీకు ముందు రాయాలని కూర్చున్నాను. రాస్తే నువ్వు డాక్టరు గారి దగ్గరికి వెళతావు. ఆయన బాధపడతారు, బాగుచేయిస్తానంటారు, నువ్వు నమ్ముతావు. ఈలోగా పిల్లలు ఆ నీళ్లలో ఈదుతూనే ఉంటారు. అందుకని చెప్పకుండా ఫిర్యాదు పెట్టాను. ఐదు చోట్ల ఫలితాలూ జత చేశాను అత్తా. ఒక్క చోటికే ఎందుకు వచ్చారో నాకు తెలియదు. తక్కినవి కూడా చూడమని మళ్లీ రాశాను.

నీ మాట నీకు చెప్పకుండా వాడుకున్నాను. అది రాస్తే ఫిర్యాదుకు బలం వస్తుందని వాడుకున్నాను. అంతకంటే వేరే కారణం లేదు. పోనీ, ఇంకోటి కూడా చెబుతాను. పంపించాక ఆ రోజంతా తేలిగ్గా తిరిగాను. నాలుగేళ్లలో మొదటిసారి ఏదో చేశాననిపించింది. కాన్పుల గది మూస్తారన్న ఆలోచన నాకు రాలేదు. పాలసీ మీద అన్ని జవాబులు రాశాను, ఈ ఒక్కటీ తట్టలేదు.

కావేరిని ఫరీదాబాదులో ముందే చేర్పిస్తే? అద్దెకు గది చూడనా? ఏం చేయమంటే అది చేస్తాను.

షారన్


ముఖర్జీ నగర్
డిసెంబరు 19

అత్తా,

ఉత్తరం అందిందా? ఫోను చేస్తే ఎత్తడం లేదు. నాన్నను అడిగితే బాగానే ఉందన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. క్రిస్మస్‌కు వద్దామనుకున్నాను. రావొచ్చో లేదో తెలియడం లేదు. ఒక్క ముక్క రాయి. తిడుతూ అయినా సరే.

షారన్


సూర్‌తాల్
జనవరి 9

షారన్‌కు,

ఇన్నాళ్లూ రాయలేదు. రాయడానికి కూర్చుంటే కోపమే వచ్చేది. ఆ కోపంతో రాయడం ఇష్టం లేకపోయింది. ఇప్పుడు జరిగింది రాస్తాను.

కావేరిని ఫరీదాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాం. నెలాఖరుకు రమ్మన్నారు. ముందే వెళ్లి ఉండమంటే, అక్కడ తనకెవరున్నారంది. కోటయ్య సెలవు పెడితే పని పోతుంది. సరే, నొప్పులు మొదలవగానే అంబులెన్సుకు చేయమని చెప్పి ఉంచాను.

మొన్న సోమవారం ఉదయం పొగమంచు. వరండాలో నిలబడితే గేటు కనిపించడం లేదు. ఆ మంచులోంచి కావేరి గోడ పట్టుకుని నడిచి వచ్చింది. ఉమ్మనీరు పోయి, నొప్పులు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. రోజులు నిండకుండానే. అంబులెన్సుకు ఫోను చేస్తే బయలుదేరామన్నారు. ఎంతకీ రారు. మళ్లీ చేస్తే, హైవే మీద లారీలు గుద్దుకున్నాయి, ముందుకు కదలడం లేదన్నారు. వరండా బెంచీ మీద పడుకోబెట్టి చూశాను. బిడ్డ ఎదురు కాళ్లతో వస్తోంది. మొదటి బిడ్డ అలాగే పోయింది.

బెంచీ మీద అయ్యే పని కాదది. బల్ల కావాలి, దీపం కావాలి, ఆక్సిజన్ కావాలి. అన్నీ ఆ తలుపు వెనకే ఉన్నాయి. నేను కత్తెర తెచ్చి సీలు కత్తిరించాను. తాళం చెవి డాక్టరు గారి దగ్గర ఉంటుంది. మనిషిని పంపేలోగానే ఆయన వచ్చారు. కత్తెర చూశారు, సీలు చూశారు. తాళం తీశారు.

అదివరకు ఆ గదిలో చేతులు కడిగితే నీళ్లు తొట్టిలోకి పోయేవి. ఆ వేళ నేను కుళాయి తిప్పబోతే ఆయన నా చేయి పట్టుకుని ఆపారు. కింద బేసిను పెట్టించారు. చేతులు కడిగిన నీళ్లు, బల్ల కడిగిన నీళ్లు, రక్తం, అన్నీ బేసిన్లలోకి పట్టి, డ్రమ్ముల్లోకి పోసి, బ్లీచింగు కలిపి మూతలు వేశాం. ఒక చుక్క కూడా గొట్టంలోకి పోనివ్వలేదు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో, ఆ బకెట్లు తనే మోశారు. నేను బిడ్డను తీస్తున్నాను, వెనక ఆయన బకెట్టు ఎత్తి డ్రమ్ములో పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆడపిల్ల. మొదట ఏడవలేదు. డాక్టరు గారు ఆక్సిజన్ పెట్టి, వీపు రుద్ది, రుద్ది, ఏడిపించారు. తల్లికి రక్తం ఎక్కువగా పోయింది. అంబులెన్సు వచ్చేదాకా ప్రాణం నిలబెట్టగలిగాం. ఫరీదాబాదులో నాలుగు రోజులుంచి, రక్తం ఎక్కించి పంపారు. ఇద్దరూ బతికారు. ఇంకాస్త ఆలస్యమయితే ఏమయ్యేదో నాకు తెలుసు గనక, నీకు తెలియాలి గనక, ఇంత వివరంగా రాస్తున్నాను.

అంబులెన్సు వెళ్లాక ఆ గదిలోనే స్టూళ్ల మీద కూర్చున్నాం. నవంబరు తర్వాత ఆయనతో మాట్లాడటం అదే మొదలు. ఆయనే మొదలుపెట్టారు.

“పంపు కాలిపోయినప్పుడు నాకు చెప్పారు సరళమ్మా. కరోనా రోజులవి. ఉన్నదంతా ఆక్సిజన్‌కే పెట్టాం. గోడ అవతలకు గొట్టం వేయమన్నది నేనే. అప్పుడక్కడ చెరువు లేదు. మట్టి, ముళ్లకంప. తర్వాత చూద్దామనుకున్నా. తర్వాత నీళ్లొచ్చాయి, వెళ్లి రిబ్బను కత్తిరించా. ఆ గొట్టం నాకు గుర్తే రాలేదు.”

కురుపులతో వచ్చిన పిల్లలందరికీ తనే మందులు రాశానని, ఎందుకు తగ్గడం లేదా అని పుస్తకాలు తిరగేశానని చెప్పారు. చెబుతుంటే ఆయన గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నారు.

ఫిర్యాదు పెట్టింది నా మేనకోడలని, పంపు మాట నా ఉత్తరంలోదేనని అప్పుడు చెప్పాను.

“ఆ పిల్ల అబద్ధం రాసిందా?” అన్నారు.

లేదన్నాను.

“మరి నువ్వెందుకు తల దించుకుని తిరుగుతున్నావు ఇన్నాళ్లు?”

నాకు ఏడుపొచ్చింది. నీ మీద కోపం ఉంది షారన్, ఇంకా ఉంది. ఫలితం నాకు చెప్పి, రెండు రోజులు ఆగి, తర్వాత ఫిర్యాదు పెట్టి ఉంటే కాన్పులకు ముందుగా ఏదో ఒక ఏర్పాటు చేసుకునేదాన్ని. నన్ను నమ్మలేదు నువ్వు. అదే గుచ్చుకుంటోంది. కానీ నువ్వు చెప్పి ఉంటే నేను డాక్టరు గారి ముఖం చూసి ఆగిపోయేదాన్నని కూడా అనిపిస్తోంది. ఈ రెండూ నాలో కొట్టుకుంటున్నాయి. ఏది గెలుస్తుందో చూడాలి.

సీలు తీసినందుకు నాకు నోటీసు వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను.

నీ మేనత్త
సరళకుమారి


ముఖర్జీ నగర్
జనవరి 17

అత్తా,

‘నీ మేనత్త’ అని మళ్లీ రాశావు. ముందు అదే చూశాను.

జరిగింది చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. బిడ్డ ఎదురు కాళ్లతో వస్తుంటే నేను ఆ గంటలో లైబ్రరీలో ఉన్నాను, ఏదో పేరా కింద గీతలు గీస్తున్నాను. నిన్ను నమ్మలేదన్నావు. నిజమే. నీ మంచితనాన్ని అడ్డంకిగా లెక్కవేశాను.

నోటీసు సంగతి చెప్పు. అవసరమైతే నేను వచ్చి చెబుతాను, కాన్పుల గది మూసేలా చేసింది నా కాగితమని. నిజంగా రావాలనుంది అత్తా. వచ్చి ఏం చేస్తానో తెలియదు. కావేరికి ఎదురుపడాలంటే భయంగా ఉంది. ఆమెకు తెలుసా?

శశిధర్ మళ్లీ నీళ్లు పట్టడానికి వస్తానంటున్నాడు. ఫిబ్రవరిలో రమ్మంటావా?

నీ
షారన్


సూర్‌తాల్
ఫిబ్రవరి 11

షారన్ తల్లికి,

శశిధర్‌ను రమ్మను. నువ్వూ రా.

కొత్త పంపు వేశారు. ట్యాంకు కడిగి, గోడ అవతలి గొట్టం పీకి సిమెంటు చేశారు. కాలుష్య విభాగం వాళ్లు వచ్చి చూసి, వెళ్లిన వారానికి తాళాలు తీశారు. తెరిచిన రోజే ఇద్దరు ప్రసవించారు. పంపు మళ్లీ మోగుతోంది. కొత్త నర్సులు ఆ మోతకు విసుక్కుంటున్నారు. నోటీసు మీద ఇంకా ఏమీ తేలలేదు. ఉద్యోగం తీస్తారనుకోను. తీసినా, అదే గది ముందు అదే కత్తెరతో నిలబడేదాన్నే గనక దాని గురించి మథనపడటం మానేశాను.

పిల్లల కురుపులు మాత్రం పూర్తిగా తగ్గలేదు. వెనక గోడ వైపు కొత్తవి రావడం తగ్గింది. రంగుల కాలవ వైపు అలాగే ఉన్నాయి, ఊరి కాలవ వైపు విరేచనాలు అలాగే ఉన్నాయి. నీ ఫిర్యాదులో తక్కిన నాలుగు చోట్లూ ఎవరూ చూడలేదు. ఆసుపత్రి మూయడం సులువు, కార్ఖానాలు మూయడం కష్టం కాబోలు. డాక్టరు గారు ప్రతిరోజూ ఓపీ అయ్యాక గట్టు మీదికి వెళ్లి, ఆ నీళ్లు వాడొద్దని తల్లులకు తనే చెబుతున్నారు, ఎందుకు వాడకూడదో కూడా. మన ఆసుపత్రి వల్లే పాడయ్యాయని ఆయన చెబుతుంటే వెనక నిలబడి వింటాను. కొందరు ఆయనను మాటలన్నారు. ఆయన పడ్డారు.

ఆ నాలుగు చోట్ల గురించి మళ్లీ ఫిర్యాదు రాశాం. ఈసారి హిందీలో నేనే రాశాను. సంతకం ఎవరిదని డాక్టరు గారు అడిగితే, నాదేనన్నాను. ఇన్నేళ్లలో జీతం కాగితం మీద, డ్యూటీ చార్టు మీద, మొన్నటి నోటీసు జవాబు మీద తప్ప సంతకం పెట్టి ఎరగను. పంపించినప్పటి నుంచి గేటు దగ్గర జీపు ఆగితే చాలు, లేచి చూస్తున్నాను.

కావేరికి తెలుసు. నేనే చెప్పాను. రోజూ ఉదయం బిడ్డను తీసుకుని ఇక్కడికి వస్తుంది, ఆసుపత్రి కుళాయి దగ్గర స్నానం చేయిస్తుంది. దాన్ని చూసి గట్టు మీది ఇంకొందరు తల్లులు వస్తున్నారు. మొన్న బిడ్డకు నూనె రాస్తుంటే పక్కన కూర్చుని, గది మూయించింది ఎవరో చెప్పాను. వింటూనే బిడ్డకు నీళ్లు పోసింది, తుడిచింది, గుడ్డలో చుట్టింది. తర్వాత నా చేతికిచ్చి అంది:

“ఆవిడొచ్చినప్పుడు ఈ గట్టంతా నడిపించండి సిస్టరమ్మా. ట్యాంకరు కాడ నిలబెట్టండి. కాయితం మీద రాసినంత సులువు కాదు ఈ నీల్లు మానీడం.”

కోపంగా అనలేదు. అలాగని మెత్తగానూ అనలేదు.

ఆదివారం ఉదయం బస్సుకు రా. దిగి ఆసుపత్రిలోకి రాకు. నేరుగా గట్టు మీదికి నడు. ట్యాంకరు వచ్చే వేళకు కావేరి బిందెలతో వరుసలో ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని పక్కన నేనుంటాను.

నీ మేనత్త
సరళకుమారి